స్విచ్చుబోర్డు పక్కన నా చోటు

మొన్న కరీంనగర్‌లో మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు, మనుమరాలు భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద తన ఎలక్ట్రిక్ గిటారును బోర్లా పడుకోబెట్టి, వెనక మూత విప్పి, చేతిలో సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఇంజనీరింగ్ చదివే పిల్ల. లోపల ఏదో వైరు ఊడిందట, దుకాణానికి పంపితే నోటికి వచ్చినంత అడుగుతారని తానే అతికించుకుంటోంది. నేను పక్కనే చిక్కుడుకాయలు తుంచుకుంటూ చూస్తున్నాను. సీసం కరిగి సన్నని పొగ లేచి నా ముక్కుకు తగిలిందో లేదో, అది నా వైపు తిరిగి "అమ్మమ్మా, జర గీ వైరు పట్టుకోవా" అని చెయ్యి చాపిందో లేదో, నేను ఒళ్ళోని గిన్నె వదిలేసి గోడకు కరుచుకుపోయాను. చిక్కుడుకాయలు ఇల్లంతా దొర్లాయి. గిటారుకు ఏ ప్లగ్గూ తగిలించి లేదని, అందులో చీమను చంపేంత కరెంటు కూడా లేదని చెప్పి అందరూ పగలబడి నవ్వారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను గానీ నా గుండె దడ మాత్రం చాలాసేపు తగ్గలేదు.

నా ఈడు వాళ్ళకు ఈ దడ గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. ఇంట్లోకి కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో పెరిగినవాళ్ళం మనం. తడి చేత్తో స్విచ్చు వైపు పోతే వీపు మీద ఒక్కటి పడేది, ఉరుము ఉరిమితే ఇంట్లో ఉన్న ఒక్క బల్బూ ఆర్పేసి చీకట్లో కూర్చునేవాళ్ళం. అయితే నా భయం అందరి భయం వంటిది కాదు, దానికి వేరే కారణం ఉంది.

మా పుట్టిల్లు సిరిసిల్ల దగ్గర. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు మొదట చేతిమగ్గం నేసేవాడు. పవర్లూములు వచ్చాక మగ్గం విప్పి అటకెక్కించి, పరాయివాళ్ళ షెడ్డులో కూలికి నేయడం మొదలుపెట్టాడు. ఒక వానాకాలం పొద్దున ఆ షెడ్డులో ఎక్కడో వైరు ఒరుసుకుపోయి, మరమగ్గం ఇనుప చట్రం మొత్తానికి కరెంటు వచ్చింది. తెగిన పోగు అతకడానికి బాపు దాని మీదికి వంగాడు. పక్క మగ్గం మనిషి పరుగున వచ్చి చేత్తో లాగబోతే అతనూ విసిరేసినట్టు పడ్డాడు. ఎవరో ఎండు కట్టె తెచ్చి కొట్టేసరికి ఆలస్యమైపోయింది. నేను అప్పుడు బడిలో ఉన్నాను. ఆ తరువాత అవ్వ మాకు అన్నం ఎట్లా తినాలో నేర్పినంత శ్రద్ధగా ఒక మాట నేర్పింది. "కరెంటు పట్టినోన్ని చేత్తోని ముట్టద్దు బిడ్డా. ఎండు కట్టెతోని కొట్టాలె. ఎముక ఇరిగినా మంచిదే, కొట్టాలె." మిగతా పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు మేము ఆ మాట అప్పజెప్పేవాళ్ళం.

ఇంత భయంతో పెరిగిన నేను పోయి పోయి ఎవరిని చేసుకున్నానంటారా? మంచిర్యాలలో రేడియోలు బాగుచేసే ఆయన్ను. పెండ్లిచూపులనాడు రేడియో మెకానిక్కని చెప్పారు గానీ అందులో కరెంటు సంగతి ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మేమెరిగిన రేడియో సెల్లుల మీద నడిచేది. కాపురానికి వచ్చిన మరునాడు చూద్దును కదా, స్టేషను దిక్కున్న ఆ రెండు గదుల ఇంట్లో బల్ల మీద కడుపులు విప్పిన రేడియోలు, వాటి నిండా ఎర్రగా వెలిగే గాజు బుడ్లు, వాటి మధ్యలో వేళ్ళు పెట్టి కూనిరాగాలు తీస్తూ మా ఆయన! ఆ పూట నేను వంటింటి గడప దాటి రాలేదు. నీళ్ళు ఇమ్మంటే మా అత్తతో పంపాను. ఆమె నా వాలకం చూసి, కొత్త పెండ్లికూతురి సిగ్గు అనుకుని మురిసిపోయింది.

ఆయనకు ఒక ప్రాణస్నేహితుడు ఉండేవాడు. మంచిర్యాల బజారులో వాళ్ళకు బట్టల దుకాణం. పగలు మీటర్లు కొలిచేవాడు, సాయంత్రమైతే పాడేవాడు. నన్ను భాభీ అని పిలిచేవాడు. హార్మోనియం, తబలా, బ్యాంజో వాయించే నలుగురిని పోగుచేసి ఒక ఆర్కెస్ట్రా పెట్టుకుని, బొగ్గుగనుల కాలనీల్లో పెండ్లిళ్ళకూ పండుగలకూ పోయేవాడు. అప్పటికి జనం కొత్త పాటలకు అలవాటు పడి, కరెంటు గిటారు లేని ఆర్కెస్ట్రాను భజన బృందం కింద జమకట్టేస్తున్నారని అతని బాధ. సికింద్రాబాద్ దుకాణంలో ధర అడిగి వచ్చి, అది మనలాంటివాళ్ళ వస్తువు కాదులే అని మా ఇంట్లో కూర్చుని నిట్టూరిస్తే, మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "కొనుడెందుకుర బై, మనమే చేద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా గుండెలో రాయి పడింది.

మాట అన్నాక ఆయన ఊరుకునే మనిషి కాదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు తిరుగు రైలు కోసం స్టేషనులో కూర్చుంటే, వాళ్ళను బతిమాలి, బెంచీ మీద పాత వార్తాపత్రిక పరిచి, దాని మీద గిటారు పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసుకుని, మెడ మీద ఇనుప పట్టీల మధ్య దూరాలు కూడా గుర్తు పెట్టుకుని తెచ్చాడు. ఒంటికి కట్టె కావాలి. మా దిక్కు టేకుకు కొదవ లేదు గానీ పచ్చి టేకు చెక్క ఇంట్లో కనబడితే ఫారెస్టు వాళ్ళకు జవాబు చెప్పుకోలేక చావాలి. అందుకని కూలగొట్టిన ఒక పాతింటి తలుపు రెక్క సంపాదించాడు. మెడకు మాత్రం ఏళ్ళ తరబడి ఆరిన కట్టె, తీగల లాగుడుకు వంగనిది ఉండాలన్నాడు. అటువంటిది నాకు తెలిసి ఒక్కచోటే ఉంది, మా పుట్టింటి అటక మీద, బాపు చేతిమగ్గం. అవ్వను అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే అడిగాడు. అవ్వ నిచ్చెన తెచ్చి అటకకు వేసింది. మగ్గం కట్టెను పొయ్యిలో పెట్టరాదు, కాలితో తన్నరాదు, పాటకైతే తీసుకపోండ్రి అంది. అది కరెంటు పాట అని మేమిద్దరమూ చెప్పలేదు.

పట్టీలకు సైకిలు పుల్లలు ముక్కలు చేసి మెడలో దిగగొట్టాడు. తీగలు, వాటిని బిగించే చెవులు మాత్రం కొనక తప్పలేదు. ఇక అసలు సంగతి, తీగల కింద ఉండి మోతను పట్టుకునే చుట్ట. పాడైన సైకిలు డైనమోలోని అయస్కాంతం తీశాడు, పాత రేడియోల నుంచి తల వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ విప్పాడు. దాన్ని వేల చుట్లు తిప్పాలి, తెగకూడదు, ఒకదాని మీద ఒకటి ఒత్తుగా పడాలి. ఆయన చేత్తో చుట్టబోతే చిటుక్కున తెగేది, చుట్టబోతే తెగేది. విసుక్కుంటున్న ఆయన్ను చూసి నాకు నవ్వొచ్చింది. నేత ఇంటి ఆడపిల్లకు కండెలు చుట్టడం ఒకరు నేర్పాలా? పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాట్నం దులిపి ముందర వేసుకున్నాను. నూలుకు వేలు ఎంత ఆనించాలో రాగికీ అంతే ఆనించి తిప్పుతూ పోయాను. మధ్యలో తీగ తెగింది. దారం తెగితే మేమేం చేస్తాం? రెండు కొసలు పట్టి, కంటికి ఆననంత చిన్న ముడి వేసి, రాట్నం ఆపకుండా సాగిపోతాం. నేనూ అదే చేశాను, తెగినప్పుడల్లా చేశాను.

చుట్ట చూసి ఆయన మురిసిపోయాడు గానీ మీటరు పెట్టి చూస్తే ముల్లు కదలలేదు. తెగిందా అని అడిగితే, "తెగింది, ముడేసిన. ఏడేసిన్నో మీరే దొర్కవట్టుండ్రి సూద్దాం" అన్నాను గొప్పగా. ఆయన ఒక క్షణం నా ముఖం చూసి, తరువాత గోడకు ఒరిగి కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆ రాగి మీద కనబడని పూత ఉంటుందట. దాన్ని గీకి, రాగికి రాగి తగిలించి సీసంతో అతికితేనే కరెంటు పోతుందట. ముడి ఎంత గట్టిదైనా దానికి గోడ కిందే లెక్కట. నాకెవరు చెప్పారు? మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాం. తెగినప్పుడల్లా నేను రాట్నం ఆపేదాన్ని, ఆయన బ్లేడుతో గీకి అతికేవాడు. మా కాపురంలో అంత పక్కపక్కన కూర్చున్న మధ్యాహ్నాలు అంతకు ముందు లేవు. ఆ సంతోషం అనుభవిస్తూనే, బాపును తీసుకుపోయిన దానికి నా చేత్తో నేనే దారి చుడుతున్నానే అని లోపల ఒకటే గుబులు.

గిటారు గొంతు పెద్దది చేయడానికి ఒక పాత రేడియోను మార్చాడు. అది చవక రకం రేడియో. గోడ కరెంటును నేరుగా లోపలికి రానివ్వకుండా మధ్యలో ఆపే ట్రాన్స్‌ఫార్మర్ దానికి లేదు. రెండు కాళ్ళ ప్లగ్గును ఒక తీరుగా పెడితే ఏమీ కాదు. తిప్పి పెడితే మాత్రం లోపలి రేకుకూ, దానికి కలిపిన గిటారు తీగలకూ గోడలోని కరెంటు ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది. ఈ సంగతి ఆయన నా దగ్గర దాచలేదు. ప్లగ్గు పెట్టే ముందు ప్రతిసారీ టెస్టరుతో చూసుకుంటానని, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ట్రాన్స్‌ఫార్మర్ వేస్తానని చెప్పాడు. నేను మాత్రం రబ్బరు చెప్పులు లేనిదే గిటారు ముట్టనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. వాయించేదీ ఆయనే, బ్యాంజో వాయించే అతని దగ్గర వేళ్ళు నేర్చుకున్నాడు. మొదటిసారి ఇంట్లో మోగించిన నాడు మా అత్త చప్పట్లు కొట్టింది, స్నేహితుడు ఆయన్ను ఎత్తుకుని తిప్పాడు. నేను గుమ్మం దగ్గర ఎండు కర్రను వీపు వెనక దాచుకుని నిలబడి, అది ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాను.

ఆ ఏడు వినాయక చవితికి శ్రీరాంపూర్‌లో ఒక కాలనీ మండపం వాళ్ళు ఆర్కెస్ట్రాను పిలిచారు. నేనూ అత్తా కూడా పోయాం. పొద్దు గూకే వేళకు జల్లు మొదలై, మండపం ముందర అంతా బురదబురద అయింది. వేదిక మీద ఒక పక్క వినాయకుడు, ఒక పక్క ఆర్కెస్ట్రా. పైన తాడిపత్రి పట్టా కప్పినా చెక్కలు తడిసి నల్లబడ్డాయి. నేను ఆడవాళ్ళలో ముందు వరుసలో కూర్చుని, ఎందుకో వేదిక మెట్ల వైపు చూశాను. అక్కడ వరుసగా విప్పిన చెప్పుల్లో మా ఆయన రబ్బరు చెప్పులు ఉన్నాయి. మండపం పెద్దమనిషి ఎవరో "దేవుని ముంగట చెప్పులేంది బిడ్డా" అన్నాడట, ఆయన కిక్కురుమనకుండా విప్పేశాడట. ఇందులో ఎవరిని తప్పుపట్టాలి? గుడి దగ్గర చెప్పులు విప్పమంటే విప్పకుండా ఉండే మనిషి మా దిక్కున ఉంటాడా? అడిగితే నేనే విప్పమనేదాన్నేమో. ఆ రబ్బరు ముక్కల మీద నా పసుపు కుంకాలు నిలబడి ఉన్నాయని వినాయకుడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక పాట అయింది, ఏమీ కాలేదు. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. జనం ఈలలు వేశారు. మళ్ళీ వచ్చింది గానీ ఆ బోర్డు మాత్రం పని చేయలేదు, దాంతో టెంటు మనిషి ప్లగ్గు పీకి అవతలి బోర్డుకు పెట్టాడు. అతనికి టెస్టరు సంగతి ఏం తెలుసు పాపం? మా ఆయన వెనక్కి తిరిగి చూసేలోపే స్నేహితుడు పాట ఎత్తుకున్నాడు. ఆయన ఎడమ చేత్తో గిటారు మెడ పట్టుకున్నాడు.

అరుపు లేదు, కేక లేదు. ఆయన ఒక్కసారిగా బిగుసుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి సన్నగా వణుకుతున్నాడు. జనం అదేదో పట్నం ఆర్కెస్ట్రాల విన్యాసం అనుకుని చప్పట్లు కొట్టారు. నేను చూసింది ఒక్కటే, మెడ మీద ఆయన వేళ్ళు కదలడం లేదు. అంతే, ఎట్లా లేచానో, ఎవరి మీద నుంచి దాటానో నాకు తెలియదు. అవ్వ మాట ఒక్కటే చెవుల్లో ఉంది, ఎండు కట్టె, ఎండు కట్టె. చుట్టూ అన్నీ తడిసే ఉన్నాయి. వినాయకుడి పక్కన గొడుగు కింద పూజ సామాను పెట్టిన చెక్క పీట కనబడింది. దాన్ని గుంజితే పళ్ళెం ఎగిరి కొబ్బరి చిప్పలు, అక్షింతలు వేదికంతా చిమ్మాయి, నా జుట్టు విడిపోయింది. వెనక ఆడవాళ్ళు "అమ్మవారు పూనింది, జరగుండ్రి జరగుండ్రి" అని కేకలు వేశారు. వినాయకుడి మండపంలో అమ్మవారు పూనడమేమిటని ఎవరికీ తోచలేదు, మగవాళ్ళంతా చేతులు జోడించి దారి ఇచ్చారు. నన్ను ఎవరూ పట్టుకోకపోవడం ఆ పూట దేవుడు చేసిన మేలు. పీట రెండు చేతులా ఎత్తి గిటారు మెడ మీద నా బలమంతా పెట్టి కొట్టాను. అది ఫెళ్ళున విరిగింది, వైరు ఊడి అవతల పడింది, ఆయన నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

ఆయన ఛాతీ లేచి పడుతోందో లేదో చూడడానికి నేను వంగలేకపోయాను. స్నేహితుడే వంగి చూసి "హై భాభీ, హై, ఊపిరాడుతుంది" అని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. జీపులో ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు. ఎడమ చేతి వేళ్ళ మీద తీగల వెంట కాలిన గీతలు పడ్డాయి.

పుండు మానింది గానీ ఆయన మారిపోయాడు. ఇంట్లో ఒక భయస్తురాలు ఉండేది, ఇప్పుడు ఇద్దరమయ్యాం. బల్ల మీది రేడియోల మీద దుమ్ము పేరుకుంది. జనం వచ్చి తమ రేడియోలు అడిగి అడిగి తీసుకుపోయారు. లైటు వేయమంటే కూడా ఆయన వినబడనట్టు కిటికీలోంచి రైళ్ళు చూస్తూ కూర్చునేవాడు. ఒకనాడు నేను అన్నం పెడుతుంటే తల ఎత్తకుండా "నాకు బయమైతుందే" అన్నాడు. నాకు పెండ్లయిననాటి నుంచి ఆ మాట నేను అనేదాన్ని, ఆయన నవ్వేవాడు. ఇప్పుడు ఆయన నోట వింటే నాకు నవ్వు రాలేదు, నేల కుంగినట్టయింది. కరెంటు భయం పట్టుకున్న మెకానిక్కు ఏం చేసి బతుకుతాడు? బతుకు సంగతి అట్లా ఉంచండి, కూనిరాగం తీయని ఆ మనిషితో ఆ రెండు గదుల్లో ఎట్లా ఉండడం?

స్నేహితుడు గిటారు ముక్కలు రెండూ దుప్పట్లో మూటగట్టి తెచ్చి మూల పెట్టి పోయాడు. మా అత్త "గీ పాడుముండది ఇంట్ల ఉండద్దు బిడ్డా, గోదాట్ల ఇడ్సిపెట్టి రాండ్రి" అని పట్టుబట్టింది. నేనూ సరే అనబోయాను. కానీ ఆ మూట వైపు చూడకుండా ఉండడానికి ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం చూశాక, దాన్ని గోదావరిలో వేస్తే కట్టె కొట్టుకుపోతుంది గానీ భయం ఇంట్లోనే మిగిలిపోతుందనిపించింది. మూట విప్పి ఆయన మంచం పక్కనే పరిచాను. ఎట్లా అతకాలో చెప్పమన్నాను. ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నేను కావాలని ముక్కలు తలకిందులుగా పెట్టి జిగురు పూయబోతే, తట్టుకోలేక "అట్ల గాదే" అని లేచి కూర్చున్నాడు.

మెడ నేను అతికాను. జిగురు ఆరేదాకా కదలకుండా నూలు దారాన్ని అదే జిగురులో ముంచి, విరిగిన చోట కండె చుట్టినట్టు ఒత్తుగా బిగించి చుట్టాను. స్నేహితుడు ఎక్కడో ఒక పెద్ద రేడియోలోంచి మంచి ట్రాన్స్‌ఫార్మర్ విప్పించి తెచ్చాడు. దాన్ని గిటారుకు కలిపే రేడియో డబ్బాలో బిగించి అతకాలి. ఆయన చెయ్యి కడ్డీ దాకా పోయి ఆగిపోయేది. ఇక లాభం లేదని నేనే పట్టుకున్నాను. ఏ వైరు ఎక్కడో ఆయన దూరం నుంచి వేలితో చూపించాడు, నేను అతికాను. సీసం పొగ కళ్ళలోకి పోయి నీళ్ళు కారాయి. అవి పొగ నీళ్ళే అని ఆయనకు చెప్పాను గానీ కాదు, భయంతో ఏడుస్తూనే అతికాను.

చివరకు ప్లగ్గు పెట్టాలి. అత్తను పక్కింటికి పంపేశాను. ఆయన రబ్బరు చెప్పులు నేను తొడుక్కుని, ఎండు కర్ర ఆయన చేతికి ఇచ్చి, నాకేమన్నా అయితే కొట్టమన్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. ప్లగ్గు పెట్టాను. డబ్బా సన్నగా గుయ్యిమంది. అరచేత్తో ముడితే పట్టేసుకుంటుంది, ముందు వేళ్ళ వెనక భాగం తగిలించి చూడాలని ఆయనే ఒకప్పుడు నాకు చెప్పాడు. చెయ్యి తిప్పి, బాపును తలుచుకుని, కళ్ళు మూసుకుని తీగలకు తగిలించాను. చల్లగా తగిలాయి. ఇంకోసారి తగిలించాను. "ఏం లే. సల్లగున్నై. రాండ్రి" అన్నాను. ఆయన కర్ర గోడకు ఆనించి వచ్చి నా పక్కన కూర్చుని, చాలాసేపు నా చెయ్యే పట్టుకుని, తరువాత ఆ తీగల మీద వేలు పెట్టాడు. మరునాడు బల్ల మీది దుమ్ము తుడిచాడు.

ఆయన భయం పోయింది గానీ నాది పోలేదు. తిరిగి ఆర్కెస్ట్రాకు పోతానంటే నేనూ వస్తానని పట్టుబట్టాను. అప్పటి నుంచి మంచిర్యాల, చెన్నూరు, గోదావరి గట్టు వెంట ఎన్ని ఊళ్ళు పోయినా, వేదిక మీద హార్మోనియం వెనక స్విచ్చుబోర్డు పక్కన ఒక చిన్న పీట, దాని మీద ఒళ్ళో కర్రతో నేను. ట్రాన్స్‌ఫార్మర్ ఉందని, మూడు కాళ్ళ ప్లగ్గు వచ్చిందని ఎవరు ఎన్ని చెప్పినా నేను లేవలేదు. కొత్తవాళ్ళు నన్ను గాయని అనుకుని ఎప్పుడు పాడుతుందా అని ఎదురుచూసేవాళ్ళు. స్నేహితుడు మైకులో "మా భాభీ కట్టె పట్టుకుంటెనే మాకు సుతి కుదుర్తది" అని జనాన్ని నవ్వించేవాడు. బిడ్డ పుట్టాక దాన్ని చంకన వేసుకునీ కూర్చున్నాను. ఆయన వేళ్ళు మెడ మీద కదులుతున్నంతసేపు నాకు ఊపిరి ఆడేది. పాట మధ్యలో ఒక స్వరం మీద వేలు ఆపితే చాలు, నా పిడికిలి కర్ర మీద బిగుసుకునేది.

ఇప్పుడు కాలం ఎంత మారింది! ఏదన్నా తేడా వస్తే గోడలోని డబ్బా తనంతట తానే టక్కున ఆపేస్తుందట. వైరే లేని గిటారులు వచ్చాయి. వేదిక మీద వాయించేవాళ్ళ పక్కన ఒక మనిషి కాపలా కూర్చోవలసిన పని లేదు. వాళ్ళ ఆడవాళ్ళు ముందు వరుస కుర్చీల్లో హాయిగా కూర్చుని, తల ఊపుతూ, ఫోనులో వీడియో తీసుకుంటూ వింటున్నారు. వాళ్ళను చూస్తే నాకు కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది, నిజం చెప్పవద్దూ.

కొన్నేళ్ళ కింద ఆయన పోయాడు. కరెంటుకు కాదు, మామూలు జబ్బుకే. ఇన్నాళ్ళు నేను కర్ర పట్టుకుని కాపలా కాసింది ఒక గుమ్మం దగ్గర, చావు వచ్చింది మరో గుమ్మంలోంచి. దినాలనాడు కాలనీల నుంచి, బజారు నుంచి ఎంతమంది వచ్చారో. మా పెండ్లిలో వాయించిండని ఒకరు, ఆయన వాయించిన పాట వింటూనే పిల్లను చూసి ఇష్టపడ్డానని ఒకరు, ఆ గిటారు ఏడిస్తే మేమూ ఏడ్చేటోళ్ళమని ఒకరు. స్నేహితుడు కూడా వచ్చి, "భాభీ, నువ్వు అందరికంటె దగ్గర కూసున్నవ్, అందరికంటె ఎక్కువ ఇన్నవ్. నీకు ఏ పాట ఇష్టముండె?" అని అడిగాడు.

నేను ఎంత వెతుక్కున్నా ఒక్కటి కూడా గుర్తు రాలేదు. ఆయన ఏ వేలు ఎక్కడ పెట్టేవాడో, ఏ పట్టీ దగ్గర చెయ్యి ఎంతసేపు నిలిపేవాడో, కాలిన గీతలు ఏ వేలి మీద ఎంత పొడుగో ఇప్పుడు కళ్ళు మూసుకున్నా చెప్పగలను. కానీ అన్నేళ్ళు అంత దగ్గర కూర్చుని కూడా, ఆయన ఎట్లా వాయించేవాడో నేను వినలేదు.